నేను చేరవేయని కబురు

ఈ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టాలి. తెలిసినవాళ్ళలో రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. కిందటి నెల మా గ్రంథాలయానికి పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట మా ఊరి రేవులో ఉమ్మడి భవనం కట్టిన నగరం ఆర్కిటెక్టుల సంస్థ, తాము ఇన్నేళ్ళలో ఎక్కడెక్కడ ఏమేం కట్టిందీ, ప్రకృతికి చేటు లేకుండా, ఊరివాళ్ళని అడిగి మరీ ఎలా కట్టిందీ చెబుతూ వేసుకున్న పుస్తకం అది. గట్టి అట్ట, నున్నటి కాగితం, రెండు కొబ్బరికాయలంత బరువు. ఇంగ్లీషు పుస్తకమే అయినా నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు రోజుల్లో పూర్తిచేశాను.

అట్ట మీది ఫొటో మా మేనత్తది. నేల మీద ముగ్గుపిండితో గీసిన గీతల మధ్య, చేపల బుట్ట చంకలో పెట్టుకుని నిలబడి నవ్వుతోంది. తన కొత్త చోటును తానే ఎంచుకుంటున్న ఒక మత్స్యకార మహిళ అని లోపల రాశారు. చివరి పేజీలో, ఆ ఊరి గొంతును మాకు వినిపించినందుకు కృతజ్ఞతలు అని నా పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. ఆవిడ పేరు ఎక్కడా లేదు. మొదటి నుంచి చివరిదాకా వెతికాను, ఆ పుస్తకంలో వాళ్ళు కావాలని రాసిన అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఉన్న అబద్ధం నాది. వాళ్ళు నన్ను నమ్మి అచ్చువేశారు.

మా నాన్న రేవులో పడవ దాటించేవారు. నా బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదువుకున్నదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. అద్దెకు తీసుకున్న ఒక పెంకుటింటి గదిలో ఉండేది అది. వానాకాలం వస్తే గోడలు చెమ్మగిల్లి పుస్తకాలు పూరీల్లా ఉబ్బేవి, ఎండాకాలంలో వాటిని చాపల మీద ఆరబెట్టి చెదలు దులిపేవాణ్ణి. చరిత్ర, వైద్యం, ఖగోళం, గోళ్ళకి వచ్చే జబ్బుల దాకా, బీరువాలో ఉన్నదల్లా వరసపెట్టి చదివాను. పుస్తకాల నంబర్లలో ఏడు వందల వరసలో కట్టడాల గురించి నాలుగే పుస్తకాలు ఉండేవి, ఒకదానికి ఆఖరి ముప్ఫై పేజీలూ లేవు. ఆ చదువు చూసే అక్కడ తాళాలు తీసి ఊడ్చి పెట్టే పని నాకు ఇచ్చారు. కాలేజీ మొహం చూడనివాణ్ణని నాకు ఏనాడూ చిన్నతనం లేదు. పైగా కాలేజీకి వెళ్ళినవాళ్ళకంటే ఎక్కువే తెలుసునని కొంచెం పొగరు కూడా ఉండేది, ఇప్పుడు దాచడమెందుకు.

ఆ పొగరుకి పాలు పోసింది మా మేనత్తే. రేవు పక్కన చేపల పాకలో ఆవిడా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ అమ్మకానికి కూర్చునేవారు. బేరం ఆడేవాళ్ళతో ఆవిడ నోరు చూడాలి. చేప మెత్తబడిందేమో అని వేలితో నొక్కి చూసే వాళ్ళని, “చేప కళ్ళు చూడండమ్మా, మీ ఆయన కళ్ళకన్నా తేటగా లేవూ?” అనేది. నేను అటుగా వెళ్తుంటే బేరం ఆపి మరీ, “మా మేనల్లుడండి. ఆ లైబ్రరీ మొత్తం చదివేసేడండి, ఇంకో లైబ్రరీ తెప్పించాలి గవర్నమెంటోరు” అని అందరికీ చెప్పేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు.

ఆ పాక గురించి కూడా చెప్పాలి. ఆవిడ అత్తగారి కాలంలో ఆడవాళ్ళే వేసుకున్నది. తాటాకు కప్పు, కింద పెద్ద పెద్ద రాతిపలకలు. ఆ పలకల్ని ఏటివైపు కాస్త వాలుగా పరిచారు, బిందెడు నీళ్ళు గుమ్మరిస్తే చేపనీళ్ళు, పొలుసు, రక్తం అన్నీ జారి గోదావరిలోకి పోయేవి. పాక వెనకవైపు మూసి, ఏటివైపు తెరిచి ఉండేది కాబట్టి గాలి వాసనని ఊళ్ళోకి రానిచ్చేది కాదు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను ఆ వాలుని ఏనాడూ గమనించలేదు. నగరం నుంచి వచ్చిన పెద్ద ఆర్కిటెక్టు గారు మొదటిరోజే గమనించి, టేపు పెట్టి కొలిచి, తన నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆయన మంచివాడు. ఆయనతో వచ్చిన ఆర్కిటెక్టు అమ్మాయి ఇంకా మంచిది. సిమెంటు వీలైనంత తక్కువ వాడతామనీ, తాటిదూలాలు, కొబ్బరిమానులు, మన పెంకు, మన సున్నం, మట్టీ ఊకా సున్నం కలిపి దిమ్మిస కొట్టిన నేల, అన్నీ ఇక్కడివే, పనివాళ్ళూ ఇక్కడివాళ్ళేననీ చెప్పారు. ఒకే కప్పు కింద గ్రంథాలయం, ఊరి సమావేశాల హాలు, చేపల అమ్మకం, రేవుకు వచ్చేవాళ్ళు కూర్చునే చోటు. చదువుకునేవాడి పక్కన చేపలమ్మే ఆవిడ, ఆవిడ పక్కన తోట రైతు కూర్చుంటే ఊరు కలుస్తుందని ఆయన నమ్మకం. చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు మెరిసేవి. నా కళ్ళు మాత్రం కాగితం మీద గ్రంథాలయం ఉన్న మూలనే చూసేవి. ఏటివైపు మూడు కిటికీలు, నేల నుంచి కప్పు దాకా పుస్తకాల అరలు, చెమ్మ ఎక్కని గోడలు. “ఇది మీరే చూసుకోవాలి” అన్నారాయన ఒకసారి నా భుజం మీద చెయ్యి వేసి. ఎనిమిదో తరగతివాడి భుజం మీద అంతకుముందు అంత చదువుకున్న చెయ్యి పడలేదు.

ఒక ఆదివారం ఉదయం పాక ముందు ఖాళీలో భవనం మొత్తాన్ని అసలు కొలతలతో ముగ్గుపిండితో గీయించారు. గీసింది మా ఆడవాళ్ళే, అంత తిన్నని గీత మేస్త్రీలకి రాదు. తర్వాత ఊళ్ళో అందరినీ ఆ గీతల్లో నడవమన్నారు. ఎవరికి ఎక్కడ నిలబడాలనిపిస్తే అక్కడ నిలబడమన్నారు. చేపలకని గీసిన గదిలోకి మా మేనత్త బుట్టతో వెళ్ళి నిలబడింది. బాగుందా అని ఆ అమ్మాయి అడిగితే, “ఆయ్, శానా బాగుందండి” అని నవ్వింది. ఆ నవ్వే ఇప్పుడు అట్ట మీద ఉన్నది.

మా వైపు పద్ధతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంటికి వచ్చినవాళ్ళకి ఎదురుగా కాదని చెప్పడం మాకు లేదు. బొండాం కొట్టి ఇచ్చి, చెప్పింది ఆయ్ ఆయ్ అంటూ విని, గుమ్మం దాకా సాగనంపి, మర్నాడు నమ్మకమైన మనిషి చేత కబురు పంపుతాం. పెళ్ళిసంబంధమైనా, పొలం కౌలైనా అంతే. మాట నెమ్మదిగా చెప్పగలనని మా పేటలో ఆ పని చాలామటుకు నా మీద పడేది. ఒకసారి కె.గంగవరంలో ఒక పెళ్ళివారికి కాదని చెప్పడానికి వెళ్తే, నేను బస్సు దిగడం చూసే వాళ్ళకి సంగతి అర్థమైపోయింది. అయినా ఆకువేసి భోజనం పెట్టి, పెరుగన్నం అయ్యేదాకా ఆ ఊసెత్తకుండా, చేతులు కడుక్కున్నాక “ఇంక చెప్పండి బాబూ” అన్నారు. అంత మర్యాదగా నడిచే వ్యవహారం అది. ఈ పద్ధతి ఆర్కిటెక్టులకి చెప్పింది కూడా నేనే. అందుకే పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, “రేపు మీ దగ్గరికి వచ్చే మాటే మాకు అసలు మాట. ఒక్కరు వద్దన్నా మళ్ళీ మొదటి నుంచి గీస్తాం. వచ్చే ఏటికి పడినా ఫరవాలేదు” అన్నారు.

మర్నాడు పొద్దున్న మా మేనత్త వచ్చింది. గ్రంథాలయం గుమ్మంలో బుట్ట దించి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

“ఒరేయ్, ఆ పెద్దాయన దేవుడులాటోడురా. కానీ ఆ మట్టినేల చేపనీళ్ళు తాగేత్తాది. మూడ్రోజుల్లో కంపెక్కుద్ది. ఓ పక్క నీ పుస్తకాలు, ఓ పక్క పెద్దోళ్ళ మీటింగులు. మధ్యలో మమ్మల్నెన్నాళ్ళు కూకోనిత్తారు? నెల తిరక్కుండా గెంటేత్తారు. అప్పటికి పాకా ఉండదు. మా పాక మాకుంచమను. ఆళ్ళ మేడ ఆ పక్కన కట్టుకోమను.”

“చెబుతాలే అత్తా.”

“ఇయ్యాలే చెప్పాలిరా. మా పదకొండుమందిదీ ఇదే మాటని చెప్పు. నీ నోటితో చెబితే మర్యాదగా ఉంటాదని వచ్చేను.”

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదని నాకు అప్పుడే తెలుసు. ఊళ్ళో ఎవరు ఎవరి పక్కన ఎంతసేపు కూర్చుంటారో పుస్తకాలు చదవక్కరలేదు, రేవులో పడవ ఎక్కేటప్పుడు చూస్తే తెలుస్తుంది. కానీ మళ్ళీ గీయడమంటే వచ్చే ఏడు. వచ్చే ఏటికి వాళ్ళకి ఇంకో ఊరు దొరకవచ్చు. ఆ పక్కన కట్టుకోమంటే ఆ పక్కన స్థలం లేదు. పాక ఉన్న చోటే మెరక. బీరువా వైపు చూశాను. కిందటి వానలకి ఉబ్బిన పుస్తకాలు తలుపుని సరిగ్గా పడనివ్వడం లేదు.

మధ్యాహ్నం ఆర్కిటెక్టులు వచ్చారు. ఎవరైనా వద్దన్నారా అని పెద్దాయన అడిగారు. ఎవరూ లేదన్నాను. ఆ అమ్మాయికి ఏం అనుమానం వచ్చిందో, “మీ అత్తయ్యగారు కూడానా?” అని మళ్ళీ అడిగింది.

“ఆవిడకైతే మరీ ఇష్టమండి” అన్నాను.

పాక పీకే రోజున మా మేనత్త నన్ను అడిగింది, చెప్పేవా అని. చెప్పాను, వాళ్ళు వినలేదు అన్నాను. ఆవిడ వాళ్ళని తిట్టలేదు. పెద్ద చదువులోళ్ళు, మన మాటేం వింటార్లే అని, తన కత్తిపీట, నీళ్ళ బిందె తీసుకుని పక్కకి వచ్చేసింది. పనికొచ్చే సామాను వృథా చేయకూడదన్నది ఆ సంస్థ నియమం. ఆ రాతిపలకల్ని చెక్కించి కొత్త గ్రంథాలయానికి ఏటివైపు మెట్లుగా వేశారు.

భవనం చాలా అందంగా వచ్చింది. అబద్ధం ఆడను, ఇన్నేళ్ళలో అంత అందమైనది నేను ఇంకొకటి చూడలేదు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది, ఏటి వెలుతురు కప్పు మీద కదులుతుండేది. ప్రారంభం రోజున అమలాపురం నుంచి, రాజోలు నుంచి పెద్దలు వచ్చారు. నా మెడలో కూడా దండ వేశారు. సభ అయ్యాక ఆ అమ్మాయి మా మేనత్త రెండు చేతులూ పట్టుకుని, ఎంతో ప్రేమగా, నా ఎదురుగానే అంది. “మీరు ఒక్కరు వద్దన్నా మళ్ళీ గీసేవాళ్ళమండీ. మీకు చాలా ఇష్టమని మీ మేనల్లుడు చెప్పాకే మొదలుపెట్టాం.”

మా మేనత్త నా వైపు చూసింది. ఎంతో సేపు చూడలేదు. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, “ఆయ్, అవునండి. శానా బాగుందండి” అంది. ఇంటికి వచ్చినవాళ్ళకి ఎదురుగా కాదని చెప్పకూడదు కదా.

ఆవిడ నెల అన్నది. ఇరవై రోజులు కూడా పట్టలేదు. నేల చేపనీళ్ళు తాగింది. ఆడవాళ్ళు రోజూ కుళాయి నీళ్ళు బిందెలతో పోసి కడిగేకొద్దీ మట్టి ఇంకా మెత్తబడి ఇంకా కంపు కొట్టేది. ఆర్కిటెక్టులు సిమెంటు వేయడానికి ఒప్పుకోరని, వాళ్ళకి ఉత్తరం రాయడం కూడా దండగని భవనం కమిటీ ప్రెసిడెంటు గారు తేల్చేశారు. ఆయన తోటల ఆసామి, మాట మెత్తన. మొదట హాల్లో అగరవత్తులు వెలిగించేవారు, కట్టలకి కట్టలు, చేపల గదివైపే. తర్వాత పరిశుభ్రత పాటించవలెను అని బోర్డు రాయించారు. రాసింది నేనే, చదవడం రానివాళ్ళకోసం. ఆ తర్వాత నీళ్ళు వృథా అవుతున్నాయని చేపల గది కుళాయికి తిప్పే పిడి ఊడదీసి నా సొరుగులో పెట్టమన్నారు. పెట్టాను. సమావేశాలు ఉన్నరోజున బిగించి, అయిపోగానే మళ్ళీ తీసేవాణ్ణి. నా మేనత్త నా కిటికీ ముందునుంచే మెట్లు దిగి, ఏట్లో బిందె ముంచుకుని, మళ్ళీ ఎక్కి వచ్చేది. ఆవిడకి అప్పటికి అరవై దాటాయి. ఎక్కి దిగే ఆ మెట్లు ఆవిడ పాకలోని రాళ్ళే. నేను లోపల పుస్తకాలకి నంబర్లు అతికించుకుంటూ ఉండేవాణ్ణి. ఆ వారాల్లో నేను చాలా మంచి పుస్తకాలు చదివాను. అది కూడా చెప్పుకోవాలి.

ఒకరోజు ప్రెసిడెంటు గారు నా గదిలోకి వచ్చి కూర్చున్నారు. “ఏవయ్యా లైబ్రరీ, మనం ఎవర్నీ పొమ్మనట్లేదు, ఆయ్. అలాంటి పాపం మనకొద్దు. వాళ్ళకే తెలియాలి. నీ మనుషులు కదా, నువ్వు నెమ్మదిగా ఓ మాట చెప్పు. నువ్వు చెబితే మర్యాదగా ఉంటుంది.”

మా మేనత్త వాడిన మాటే. కాదంటే నా గది తాళం ఇంకొకరికి వెళ్తుందని ఆయన అనలేదు. లేచి వెళ్ళేటప్పుడు తాళంచెవి బల్ల మీంచి తీసి, ఒకసారి చూసి, మళ్ళీ అక్కడే పెట్టారు.

ఆ కబురు నేను అరగంటలో చేరవేశాను. ఒకప్పుడు పది అడుగుల దూరంలో ఉన్న పెద్దాయనకి మాట చేర్చలేని నోరే, ఇప్పుడు తడుముకోకుండా పని చేసింది. రోడ్డు మీద కొత్త వంతెన దగ్గర బేరం ఇంకా బాగుంటుందనీ, జనం ఎక్కువనీ చెప్పాను. మిగతా ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఒకావిడ నా మొహాన చేపల నీళ్ళు చల్లబోయింది. మా మేనత్త ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. బుట్ట ఎత్తుకుని, పమిట సర్దుకుని, నాకు చెప్పింది.

“ఆయ్. అలాగేనండి.”

నేను పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను ఒరేయ్ అని తప్ప పిలవలేదు. ఆ రోజు తర్వాత ఒరేయ్ అని పిలవలేదు.

వంతెన దగ్గర రోడ్డు గట్టున ఆవిడ నాలుగు ఎండాకాలాలు కూర్చుంది. నీడ లేదు, నీళ్ళు లేవు, లారీలు లేపిన దుమ్ము చేపల మీద పడుతుంటే తాటాకు కప్పి అమ్మేది. అటుగా వెళ్ళినప్పుడల్లా నేను ఆగేవాణ్ణి. ప్రెసిడెంటు గారితో మాట్లాడతానత్తా అంటే, ఆయ్ మాట్లాడండి అనేది. ఆర్కిటెక్టులకి ఉత్తరం రాస్తానంటే, ఆయ్ రాయండి అనేది. రాయలేదు, రాస్తే మొదటి అబద్ధం కూడా రాయాలి కదా. ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు మా ఇంట్లో జావ కాయించి పట్టుకెళ్ళాను. తాగత్తా అన్నాను. “ఆయ్, తాగుతానండి, పెట్టండి” అంది ఎంతో మర్యాదగా, కూర్చోమని పీట కూడా వేయించింది. సాయంత్రం గిన్నె కోసం వెళ్తే జావ పోసింది పోసినట్టే ఉంది, మీద మీగడలా పొర కట్టి.

అప్పుడు అర్థమైంది, నేను వాళ్ళింటికి వచ్చిన పరాయివాణ్ణి అయ్యానని. పరాయివాడికి ఎదురుగా కాదని చెప్పరు. మర్నాడు ఎవరో కబురు తెస్తారు. నన్ను క్షమించనని చెప్పడానికైనా ఎవరో ఒకరు వస్తారని, ఆవిడ పోయాక కూడా చాలాకాలం గుమ్మం వైపు చూశాను. ఎవరూ రాలేదు. మా పేటలో ఆ కబుర్లు మోసేవాణ్ణి నేనే కదా.

ఇప్పుడు రేవులో పడవ లేదు, వంతెన మీదే అన్నీ. చేపలు ఐసుపెట్టెల్లో, మోటారు సైకిళ్ళ మీద గుమ్మాల్లోకే వస్తున్నాయి. భవనాన్ని పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు. మట్టినేల మీద నాలుగంగుళాలు సిమెంటు పోసి తెల్లటి టైల్సు వేశారు, ఆ టైల్సుకి వాలు కూడా పెట్టారు, ఎంగిలి నీళ్ళు పోవడానికి. ఆడవాళ్ళకి తమ పాకలో ఉన్న రెండూ, నీళ్ళు తాగని నేలా, వాలూ, చివరికి వచ్చాయి. మూడు కిటికీలకీ ఏసీల కోసం అద్దాలు బిగించేశారు. నా గదికి రోజుకి ఇద్దరో ముగ్గురో, సెల్ ఫోను చార్జింగుకి వస్తారు. పుస్తకాలు మాత్రం చెమ్మ ఎక్కలేదు. ఒక్కటి కూడా ఉబ్బలేదు. మెట్ల రాళ్ళ మీద వాన పడితే ఇప్పటికీ సన్నగా చేప వాసన వస్తుంది. నాకే వస్తుందేమో, ఎవరినీ అడగలేదు.

పుస్తకం చివర సాయం చేసినవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం పద్ధతి అని ఇన్నేళ్ళ చదువులో నేర్చుకున్నాను. భవనం నిలబడ్డ ఆ ముగ్గుగీతలన్నీ తిన్నగా గీసినందుకు, తమ పాకని, తమ రాళ్ళని ఇచ్చినందుకు, నాకు ఇన్ని పుస్తకాలు ఆరిన గోడల మధ్య చదువుకునే వీలు కల్పించినందుకు నూకాలమ్మ గారికి, సత్తెమ్మ గారికి, వీరవేణి గారికి, నాగరత్నం గారికి, గంగమ్మ గారికి, లోవతల్లి గారికి, దుర్గమ్మ గారికి, చిట్టెమ్మ గారికి, ధనలక్ష్మి గారికి, మంగమ్మ గారికి నా కృతజ్ఞతలు.

పదకొండో ఆవిడ నా మేనత్త. పేరు పల్లాలమ్మ. వాళ్ళ మాట ఇది: మా పాక మాకుంచండి.